అంతా మన మంచికేనా? వర్జీనియా ఆప్గార్‌ని సర్జరీ వద్దన్న కథ

మార్చి 8 దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఒక కథ మొదలవుతుంది. వర్జీనియా ఆప్గార్ అనే అమెరికన్ డాక్టరమ్మ సర్జన్ అవుదామనుకుంది. ప్రొఫెసర్ వద్దన్నాడు. చేసేది లేక మత్తు డాక్టరైంది. అలా అయినందుకే, ఇవాళ పుట్టిన ప్రతి బిడ్డకీ ఒంటి పరిస్థితి ఎలా ఉందో చూసి మార్కులు వేసే ఆప్గార్ స్కోర్ పుట్టింది. కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మ, ఆ పక్కన "ఏది జరిగినా మన మంచికే".

రాజుగారి వేలు తెగడం, మంత్రి ఈ మాటే అని చెరసాల పాలవడం, చివరికి ఆ చెరసాలే అతని ప్రాణం కాపాడడం చిన్నప్పుడు అందరం విన్నదే. ఆ కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అదే చెరసాలలో మంత్రితోపాటు ఉన్న మిగతా ఖైదీల సంగతేమిటి? వాళ్ళకి ఏ మేలు జరిగింది?

ఆప్గార్ కథ మీద నా అభ్యంతరం సరిగ్గా అదే. ఆమె చేసిన పని చాలా గొప్పది, అందులో తేడా లేదు. తలుపు మూసినవాళ్ళని కూడా ఆ గొప్పతనంలో వాటాదారుల్ని చేసే పద్ధతే నాకు నచ్చనిది. ఫార్వర్డ్‌లో పట్టని వివరాలు కొన్ని తెలిస్తే ఆ వాటా ఎంతో మనమే తేల్చుకోవచ్చు.

విపుల్ అన్నదేమిటి

వద్దన్న ప్రొఫెసర్ పేరు అలెన్ విపుల్. క్లోమగ్రంథి క్యాన్సర్‌కి చేసే విపుల్ ఆపరేషన్ ఈయన పేరు మీదిదే. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ మెడికల్ కాలేజీ సర్జరీ విభాగానికి పెద్ద. ఆప్గార్ 1933లో అక్కడ తన బ్యాచ్‌లో నాలుగో ర్యాంకుతో పాసై, అదే ఆస్పత్రిలో సర్జరీ ఇంటర్న్‌గా చేరింది. ఆమె పనితనం మీద విపుల్‌కి ఏ ఫిర్యాదూ లేదు. ఆయన చెప్పింది రెండు ముక్కలు. తను అంతకుముందు తర్ఫీదిచ్చిన ఆడ సర్జన్లు ప్రాక్టీసు పెట్టి నిలదొక్కుకోలేకపోయారన్నది మొదటిది. మత్తు శాస్త్రం ముందుకు కదిలితే తప్ప సర్జరీ ముందుకు కదలదు, అందుకు నీలాంటి చురుకైనవాళ్ళు కావాలన్నది రెండోది.

మొదటి ముక్కలో అబద్ధం లేదు. అది ఆర్థిక మాంద్యం కాలం. 1929 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కుప్పకూలే రోజుల్లోనే ఆమె మెడిసిన్ చదువు మొదలైంది. చదువు ముగిసేసరికి నెత్తిన నాలుగు వేల డాలర్లకి దగ్గరగా అప్పుంది. అప్పటి లెక్కలో అది చిన్న మొత్తం కాదు. సర్జన్‌కి కేసులు ఇతర డాక్టర్లు పంపితేనే వస్తాయి. ఆడ సర్జన్‌కి ఎవరూ కేసు పంపకపోతే ఎంత నైపుణ్యం ఉన్నా కడుపు నిండదు. విపుల్ ఉన్నమాటే చెప్పాడు. కాకపోతే కేసులు పంపనివాళ్ళని మార్చే బదులు సర్జన్ కావలసిన మనిషిని దారి మార్చుకోమన్నాడు. రెండో ముక్కలో ఆయన సొంత అవసరమూ ఉంది. గంటల తరబడి సాగే పెద్ద ఆపరేషన్లకి నమ్మకమైన మత్తు డాక్టర్ కావాలి. విపుల్‌ని దుర్మార్గుణ్ణి చేయనక్కర్లేదు, దైవప్రేరణ పొందిన మహానుభావుణ్ణీ చేయనక్కర్లేదు.

ఇంతకీ ఆమెని పంపిన చోటు ఎలాంటిది? అప్పటి అమెరికాలో మత్తు ఇచ్చేది ఎక్కువగా నర్సులు. డాక్టర్లలో దానికి స్పెషలిస్టు హోదా అప్పుడప్పుడే వస్తోంది. ఆప్గార్ మొదట తన ఆస్పత్రిలోని నర్సుల దగ్గరే మత్తు ఇవ్వడం నేర్చుకుంది. తర్వాత విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ దగ్గర ఆరు నెలలు, న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఎమరీ రోవెన్‌స్టైన్ దగ్గర ఆరు నెలలు. విస్కాన్సిన్‌లో ఆడ రెసిడెంట్లకి వసతి లేదు, గది కోసం చోటు మారుస్తూ తిరిగింది. బెల్‌వ్యూలో పనిమనుషుల క్వార్టర్స్‌లో ఉంది. 1938లో కొలంబియాకి తిరిగొచ్చేసరికి మత్తు విభాగానికి అధిపతి అని బోర్డు తగిలించారు. బోర్డు ఉంది గానీ ఆ బోర్డు కింద పనిచేయడానికి డాక్టర్లే లేరు. సర్జన్లు మత్తు డాక్టర్ని సాటివాళ్ళుగా చూడరు, రోగి దగ్గర విడిగా ఫీజు తీసుకునే వీలు లేదు, జీతం అంతంతమాత్రం. అలాంటి చోటికి కుర్ర డాక్టర్లని రప్పించడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది.

ఫార్వర్డ్‌లో ఎప్పుడూ కనపడని సంవత్సరం 1949. పదకొండేళ్ళు నెత్తిన మోసి ఆమె నిలబెట్టిన ఆ చిన్న విభాగం ఆ ఏడాది పూర్తి స్థాయి డిపార్ట్‌మెంట్ అయింది. అధిపతి కుర్చీ మాత్రం ఎమాన్యుయెల్ పాపర్ అనే ఆయనకి ఇచ్చారు. ఆమెకి ప్రొఫెసర్ హోదా ఇచ్చారు. ఆ కాలేజీలో ఆ హోదా అందుకున్న మొదటి స్త్రీ ఆమే. ఒక చేత్తో కుర్చీ లాగేసి ఇంకో చేత్తో శాలువా కప్పడం అంటే ఇదే. "మొదటి మహిళా ప్రొఫెసర్" అని ఏటా మనం చప్పట్లు కొట్టేది ఆ శాలువాకి.

కుర్చీ రాకపోయాక ఆమె ఆ ఆస్పత్రి ప్రసూతి విభాగంలో, కాన్పుల దగ్గర మత్తు ఇచ్చే పని మీద దృష్టి పెట్టింది. స్కోర్ పుట్టింది అక్కడే.

అరవై సెకన్లు

ఉదయం టిఫిన్ వేళ ఆస్పత్రి క్యాంటీన్‌లో ఒక వైద్య విద్యార్థి, పుట్టిన బిడ్డ పరిస్థితిని అంచనా వేయడం ఎలా అని అడిగాడట. అదెంత పని అంటూ ఆమె చేతికందిన కాగితం ముక్క మీద అయిదు అంశాలు రాసి, నేరుగా లేబర్ రూముకి వెళ్ళి వాటిని పరీక్షించడం మొదలుపెట్టిందట. ఎంతోమంది చెప్పుకునే కథ. కానీ కాగితం ముక్క కన్నా ముఖ్యం, అందులోని అయిదు అంశాలు అవే ఎందుకయ్యాయన్నది.

అప్పటిదాకా చూసినవి ప్రధానంగా రెండే: మొదటి శ్వాస ఎన్ని సెకన్లకి తీసింది, మొదటి ఏడుపు ఎన్ని సెకన్లకి ఏడ్చింది. మన డిశ్చార్జ్ సమ్మరీల్లో ఇప్పటికీ "పుట్టగానే ఏడ్చింది" అన్న ఒక్క వాక్యం ఉంటుంది, పురిటి గది బయట నిలబడ్డ నాయనమ్మ అడిగే మొదటి ప్రశ్నా "ఏడ్చిందా?" అనే. దీంతో చిక్కేమిటంటే, తల్లికి మత్తు ఎక్కువైతే బిడ్డ ఒకసారి ఊపిరి తీసుకుని, ఆ తర్వాత నిమిషాల తరబడి ఆగిపోవచ్చు. కాగితం మీద మొదటి శ్వాస పది సెకన్లకే వచ్చిందని ఉంటుంది, పక్కన బల్ల మీద బిడ్డ నీలంగా మారుతుంటుంది. ఆనాటి పురిటి గదిలో అందరి చూపూ తల్లి మీదే. బిడ్డ ఎవరి బాధ్యతో స్పష్టంగా ఉండేది కాదు.

ఆప్గార్ చేసింది ఇది. బిడ్డ పూర్తిగా బయటపడ్డ క్షణం నుంచి సరిగ్గా అరవై సెకన్లకి అయిదు విషయాలు చూడాలి, ఒక్కోదానికి 0, 1, 2లో ఒకటి వేయాలి. బొడ్డుతాడు కోశారా, మాయ పడిందా అన్నదానితో లెక్కకి సంబంధం లేదు.

గుండె కొట్టుకోవడం నిమిషానికి వందకి పైనుంటే 2, అంతకన్నా తక్కువైతే 1, లేకపోతే 0. స్టెతస్కోప్ పెట్టిగానీ, బొడ్డుతాడు మొదలు వేళ్ళతో పట్టుకునిగానీ ఆరు సెకన్లు లెక్కపెట్టి పదితో హెచ్చవేయడం వాడుక. ఊపిరి బాగా ఆడుతూ గట్టిగా ఏడుస్తుంటే 2, ఆగి ఆగి బలహీనంగా తీస్తుంటే 1, లేకపోతే 0. చేతులూ కాళ్ళూ ముడుచుకుని ఆడిస్తుంటే 2, కాస్త ముడుచుకుని ఉంటే 1, తోటకూర కాడలా వేలాడిపోతే 0. మెత్తని రబ్బరు గొట్టంతో నోరూ ముక్కూ శుభ్రం చేస్తున్నప్పుడు తుమ్మినా దగ్గినా 2, ముఖం చిట్లించి ఊరుకుంటే 1, ఏ కదలికా లేకపోతే 0. ఒళ్ళంతా గులాబీ రంగుంటే 2, ఒళ్ళు గులాబీగా ఉండి అరచేతులూ పాదాలూ నీలంగా ఉంటే 1, అంతా నీలంగానో పాలిపోయో ఉంటే 0.

ఈ అయిదూ ఆమె కొత్తగా కనిపెట్టినవి కావు. ఆపరేషన్ బల్ల దగ్గర తల వైపు కూర్చున్న మత్తు డాక్టర్ ప్రతి రోగిలోనూ నిమిషనిమిషం గమనించేవే ఇవి: నాడి, ఊపిరి, బిగువు, స్పందన, రంగు. ఆ చూపుని ఆమె తల్లి మీద నుంచి బిడ్డ మీదికి తిప్పింది, దానికి అంకెలు తగిలించింది. కాబట్టి "సర్జన్ అయ్యుంటే ఇది తట్టేదా?" అని ఎవరైనా అడిగితే, బహుశా తట్టేది కాదని ఒప్పుకుంటాను. ఆ కుర్చీలో కూర్చున్నందువల్లే ఆ చూపు వచ్చింది. నా తగాదా కుర్చీతో కాదు. వాటర్స్, రోవెన్‌స్టైన్ కూడా అలాంటి కుర్చీలోనే కూర్చున్నారు. "అయ్యో, సర్జరీ దక్కక ఇటొచ్చారు, అదే మేలైంది" అని వాళ్ళ గురించి ఎవరూ రాయరు. మగవాళ్ళు వెళ్తే దాన్ని ఎంపిక అంటాం, ఆడమనిషి వెళ్తే విధి అంటాం.

1952లో ఒక సమావేశంలో చెప్పి, 1953లో అచ్చువేసిన ఆ పరిశోధన పత్రంలో ఆమె వెయ్యికి పైగా బిడ్డల స్కోర్లు చూపించింది. నెలలు నిండిన బిడ్డల్లో 0 నుంచి 2 వచ్చినవాళ్ళలో 14 శాతం చనిపోయారు. 3 నుంచి 7 వచ్చినవాళ్ళలో 1.1 శాతం. 8 నుంచి 10 వచ్చినవాళ్ళలో 0.13 శాతం. 1958 నాటికి లెక్కలోకి వచ్చిన బిడ్డలు 15 వేలు దాటారు.

ఈ అంకెలు ఆమెనీ వదల్లేదు. సైక్లోప్రొపేన్ అనే మత్తు వాయువు అంటే ఆమెకి ఇష్టం. స్టాన్లీ జేమ్స్, డంకన్ హాలడే అనే ఇద్దరు సహోద్యోగులు బిడ్డల రక్తంలో ఆక్సిజన్, ఆమ్లత్వం కొలిచి స్కోర్లతో పోల్చారు. తక్కువ స్కోరు బిడ్డల రక్తంలో ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ. ఆ వాయువు ఇచ్చిన తల్లుల బిడ్డలు మందకొడిగా పుడుతున్నారని కూడా తేలింది. తనకిష్టమైన మందుని ఆమే పక్కన పెట్టేసింది. ఆమె గొప్పతనం ఎక్కడుందని అడిగితే నేను చూపించేది ఇదే: తనకి ఎదురుతిరిగే అవకాశమున్న కొలబద్దని తయారుచేయడం, అది ఎదురుతిరిగితే దాని మాట వినడం. "మొదటి మహిళ" అన్న బిరుదులో దీనికి చోటేదీ?

ఎక్కడ తప్పుతారు

స్కోర్‌ని దేవుడి పటంలా గోడకి తగిలించి దణ్ణం పెట్టడం కూడా ఆమెకి చేసే మర్యాద కాదు. దాని లోపాలు మొదట రాసింది ఆమే. అయిదింటిలో రంగు అన్నిటికన్నా అసంతృప్తికరమైన గుర్తు అని 1953 పత్రంలోనే ఉంది. పుట్టిన క్షణంలో ప్రతి బిడ్డా నీలంగానే ఉంటుంది, ఒంటి మీద తెల్లటి జిడ్డు ఉంటుంది, చర్మం ఛాయ ముదురైతే గులాబీ రంగు కనపడదు. మన బిడ్డల విషయంలో ఇది రోజువారీ సమస్య. చర్మం చూసి రంగు మార్కు వేస్తే తప్పుతుంది, నాలుకా పెదవుల లోపలి భాగం చూడాలి. మొదటి నిమిషంలో అరచేతులూ పాదాలూ నీలంగా ఉండడం మామూలే కాబట్టి, ఒకటో నిమిషానికే పదికి పది అని రాసిన కేస్ షీటు చూస్తే, బిడ్డని చూసి రాశారా, చూడకుండా రాశారా అని అనుమానించాల్సిందే.

దానికన్నా పెద్ద తప్పు, ఎవరు వేస్తున్నారన్నది. కాన్పు చేసిన మనిషి స్కోర్ వేయకూడదు అన్నది ఆప్గార్ పట్టుదల. తన చేతుల్లో పుట్టిన బిడ్డ బాగుండాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, ఆ ఆశే ఒకటి రెండు మార్కులు ఎక్కువ వేయిస్తుంది. అదనపు నర్సు లేని చిన్న నర్సింగ్ హోములో ఈ నియమం ఎంతవరకు నడుస్తుందో చెప్పక్కర్లేదు. హడావిడి అంతా అయ్యాక, కుట్లు వేసి, చేతులు కడుక్కుని, కేస్ షీటు నింపేటప్పుడు "ఎనిమిది, తొమ్మిది" అని రాసేస్తే అది కొలత కాదు, జ్ఞాపకం. ఒట్టి మొత్తం రాయడమూ సరిపోదు. గుండె 2, ఊపిరి 0 ఉన్న బిడ్డకీ, గుండె 1, ఊపిరి 1 ఉన్న బిడ్డకీ మొత్తం ఒకటే రావచ్చు, కావలసిన చికిత్స ఒకటి కాదు. అయిదూ విడివిడిగా రాయాలి.

ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఇంకొకటి. స్కోర్ వేయడానికి నిమిషం ఆగడం. ఊపిరి తీయని బిడ్డని వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, తడిగుడ్డ తీసేసి వెచ్చగా చుట్టాలి, వాసన చూస్తున్నట్టుగా మెడని కొద్దిగా మాత్రమే వెనక్కి వంచాలి, అవసరమైతే ముందు నోరు, తర్వాత ముక్కు శుభ్రం చేయాలి, వీపు రుద్దాలి. అప్పటికీ తీయకపోతే ఆ మొదటి నిమిషం పూర్తయ్యేలోపే మాస్కు పెట్టి బ్యాగుతో ఊపిరి ఇవ్వడం మొదలవ్వాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు. బ్యాగు నొక్కుతున్నా రొమ్ము లేవడం లేదంటే మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కోలేదో, మెడ మరీ వంగిందో, గొంతులో ఏదైనా అడ్డుందో చూసుకోవాలి. స్కోర్ ఈ పనికి అనుమతి పత్రం కాదు, పని ఎలా సాగిందో చెప్పే రికార్డు. అందుకే తర్వాత అయిదో నిమిషం స్కోర్ కూడా చేర్చారు. అది ఏడు కన్నా తక్కువైతే ఇరవై నిమిషాల దాకా అయిదేసి నిమిషాలకొకసారి మళ్ళీ వేస్తారు.

ఇక నెలతక్కువ బిడ్డల్లో కండరాల బిగువు సహజంగానే తక్కువ, కాబట్టి వాళ్ళకి తక్కువ స్కోరు వస్తే ఆక్సిజన్ అందలేదని తీర్మానించకూడదు. ఒకటో నిమిషంలో నాలుగొచ్చిన బిడ్డ పెద్దయ్యాక చదువులో ఎలా ఉంటుందో ఈ అంకె చెప్పదు. అలా చెప్పడానికి దీన్ని తయారుచేయలేదు కూడా.

పక్క గదులు

ఆప్గార్ ఒక్కతే అయితే ఇదంతా ఒక మనిషి అదృష్టమో దురదృష్టమో అనుకోవచ్చు. కానీ ఇదే తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

హెలెన్ టౌసిగ్‌కి హార్వర్డ్‌లో వైద్యం చదవాలనుంది. 1920లలో హార్వర్డ్ ఆడవాళ్ళకి వైద్య పట్టా ఇవ్వదు. పాఠాలు వినొచ్చు, డిగ్రీ మాత్రం అడగకూడదు. ఆమె జాన్స్ హాప్కిన్స్‌కి వెళ్ళి 1927లో డాక్టరైంది. 1930 నుంచి అక్కడి పిల్లల గుండె క్లినిక్ చూసుకుంది. అప్పట్లో పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లలకి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, ఆ క్లినిక్ మీద ఎవరి కన్నూ పడలేదు. వినికిడి పోతుంటే ఆమె అరచేతులు పిల్లల గుండెల మీద ఆనించి చప్పుళ్ళని తాకిడితో పసిగట్టడం నేర్చుకుంది. పుట్టుకతో తెరుచుకుని ఉండే ఒక చిన్న రక్తనాళం మూసుకున్నాకే గుండె లోపం వల్ల ఒళ్ళు నీలంగా ఉండే కొందరు బిడ్డల పరిస్థితి విషమిస్తోందని గమనించి, అలాంటి దారి ఒకటి మనమే అతికితే సరి కదా అని ఆలోచించింది. ఆ ఆలోచనతో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన ఆసక్తి చూపలేదు. తర్వాత హాప్కిన్స్ సర్జన్ ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ఒప్పుకున్నాడు. 1944 నవంబరు 29న చేతికెళ్ళే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి మొదటి ఆపరేషన్ చేశారు. కుక్కల మీద ప్రయోగాలు చేసి ఆ కుట్టు పద్ధతిని సాధించినవాడు వివియన్ థామస్. నల్లజాతి టెక్నీషియన్. మొదట్లో జీతాల రిజిస్టర్లో ఆయనది ఊడ్చేవాళ్ళ హోదా. ఆపరేషన్ రోజున బ్లాలాక్ వెనక స్టూలెక్కి నిలబడి ఎక్కడెలా కుట్టాలో చెప్పింది ఆయనే. ఆ పద్ధతి బ్లాలాక్, టౌసిగ్ పేర్లతో స్థిరపడింది, థామస్ పేరు చేరడానికి దశాబ్దాలు పట్టింది. టౌసిగ్‌కి ప్రొఫెసర్ హోదా 1959లో గానీ రాలేదు.

మూడో ఉదాహరణ మన గుంటూరుదే. కుగ్లర్ ఆస్పత్రి పేరు ఆ వైపు వాళ్ళకి తెలియంది కాదు. ఆన్నా సారా కుగ్లర్ 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుంది. తర్వాత కొన్నేళ్ళకి మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషి చదివింది కూడా అక్కడే. డాక్టర్‌గా గుంటూరు వెళ్తానని లూథరన్ మిషన్ని అడిగితే, వైద్య సేవ మొదలుపెట్టడానికి మేమింకా సిద్ధంగా లేమని, ఘోషా ఇళ్ళల్లో ఆడవాళ్ళ మధ్య పనిచేయమని, 1883లో పంపించారు. చేతిలో వైద్య పట్టా ఉన్న మనిషికి అప్పగించింది వైద్యం కాదు. జబ్బుతో ఉన్నవాళ్ళు కళ్ళ ముందుంటే ఆమె వైద్యం చేయకుండా ఉండలేదు. 1885లో మిషన్ వాళ్ళే ఆమెని డాక్టర్‌గా గుర్తించారు, 1898లో ఆస్పత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసింది.

ఈమె విషయంలో ఇంకో మెలిక ఉంది. ఘోషాలో ఉన్న ఆడవాళ్ళు మగ డాక్టరుకి నాడి కూడా చూపించరు కాబట్టి ఆడ డాక్టర్లు కావాలన్న వాదనే కుగ్లర్ లాంటివాళ్ళకి తలుపు తెరిచింది. అదే వాదన తిరగేస్తే, ఆడ డాక్టర్ ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే అన్న గోడ కూడా అయింది. ఇప్పటికీ మన ఊళ్ళల్లో "లేడీ డాక్టర్" అనగానే గైనకాలజిస్టే గుర్తుకొస్తుంది. అమ్మాయి ఎముకల సర్జరీలో సీటు తీసుకుంటానంటే "గైనిక్ తీసుకోమ్మా, ఇంటి దగ్గరే నర్సింగ్ హోమ్ పెట్టుకోవచ్చు" అని సలహా ఇచ్చే మామయ్యలకీ విపుల్‌కీ దూరం ఎంతో లేదు. ఇద్దరూ మేలుకోరే చెప్తారు, ఇద్దరి లెక్కా కొంతవరకు నిజమే.

పక్క గదికి తోసిన ఈ ముగ్గురూ ఆ గదిని అసలు గది కన్నా పెద్దది చేశారు. సరే. అలా చేయలేకపోయినవాళ్ళ పేర్లు మన దగ్గర లేవు. విపుల్ తర్ఫీదిచ్చిన ఆ ఆడ సర్జన్లు ఆ తర్వాత ఏమయ్యారో ఏ ఫార్వర్డూ చెప్పదు. తోసేయడం మంచిదే అని తేల్చాలంటే, తోసేసిన అందరినీ లెక్కలోకి తీసుకోవాలి. గెలిచినవాళ్ళని మాత్రమే లెక్కేసి మందు బాగా పనిచేసిందని రాస్తే, ఆ పరిశోధనని ఆప్గారే చింపి అవతల పారేసేది. గణాంకాలు తనకి చాలినంత రావని ఆమెకి అనిపించింది, వాటి కోసం దాదాపు యాభై ఏళ్ళ వయసులో మళ్ళీ హాప్కిన్స్‌లో విద్యార్థిగా చేరి 1959లో ప్రజారోగ్యంలో డిగ్రీ తీసుకుంది.

ఆమే కాదందిగా?

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ ఆప్గార్ నుంచే ఉంది. ఆడదాన్ని కావడం తన వృత్తికి పెద్ద అడ్డేమీ కాలేదని ఆమె బహిరంగంగా అంటూ వచ్చింది. మహిళా సంఘాల జోలికి పెద్దగా పోలేదు. తనకే లేని ఫిర్యాదు మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు.

దీన్ని కొట్టిపారేయలేను. మనిషి తన జీవితం గురించి తను చెప్పుకున్న మాటకి విలువ ఉంది, అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత మనం దిద్దడం బాగుండదు. కానీ అదే మనిషి ఆంతరంగికుల దగ్గర జీతాల్లో తేడా గురించి విసుక్కునేది. బయట ఫిర్యాదు చేస్తే "చూశారా, ఆడవాళ్ళతో ఇదే గొడవ" అనే కాలంలో, మగ సర్జన్ల మధ్య రోజూ పని జరిపించుకోవలసిన మనిషి ఏమంటుంది? అది ఆమె నమ్మకమో, ఒడుపో, రెండూనో తేల్చడం నా వల్ల కాదు. రెండూ కావచ్చు. ఏదైనా, "నాకు అడ్డు రాలేదు" అనడం ఒకటి, "అడ్డు వచ్చింది, అదే మేలు చేసింది" అనడం ఇంకొకటి. మొదటిది ఆమె మాట, రెండోది మనం ఆమె నోట్లో పెడుతున్న మాట.

పేరు సంగతి కూడా ఇలాంటిదే. 1962లో డెన్వర్‌లో జోసెఫ్ బటర్‌ఫీల్డ్ అనే పిల్లల డాక్టర్ ఆమె పేరులోని అయిదు ఇంగ్లీషు అక్షరాలకీ అయిదు గుర్తుల్నీ అమర్చి, విద్యార్థులు కంఠతా పట్టడానికి సూత్రం తయారుచేశాడు. ఆమెకి అది నచ్చింది కూడా. ఫలితంగా ఆప్గార్ అంటే అక్షరాల కూర్పే తప్ప మనిషి కాదనుకునే తరాలు తయారయ్యాయి. అలా అనుకున్నవాళ్ళు ఆమె బతికుండగానే ఆమెకే ఎదురుపడ్డారట.

"వద్దు" అన్న మాటని ఆమె ఎలా తీసుకునేదో తెలుసుకోవాలంటే వైద్యం బయట ఒక సంగతి ఉంది. ఆమెకి తీగ వాయిద్యాలు వాయించడమే కాదు, చెక్కతో తయారుచేయడం కూడా సరదా. నేర్పింది కార్లీన్ హచిన్స్ అనే వాద్యాల తయారీదారు. 1957లో హచిన్స్ కన్ను ఆస్పత్రి టెలిఫోన్ బూతులోని అర మీద పడింది. అలల్లాంటి గీతలున్న మేపుల్ చెక్క, వయొలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వెనక పలకకి సరిగ్గా సరిపోతుంది. ఆప్గార్ ఆస్పత్రి యాజమాన్యాన్ని మర్యాదగా అడిగింది. కుదరదన్నారు. ఒక రాత్రి ఇద్దరూ పనిముట్లు, అదే కొలతకి కోసి రంగు వేసిన మారు చెక్క పట్టుకుని వెళ్ళారు. బయట ఆప్గార్ కాపలా, లోపల హచిన్స్ ఊడదీత. తీరా చూస్తే తెచ్చిన చెక్క పావు అంగుళం ఎక్కువైంది. హచిన్స్ దాన్ని ఆడవాళ్ళ బాత్రూముకి తీసుకెళ్ళి రంపంతో కోస్తుంటే, ఆ చప్పుడుకి అటు పోతున్న నర్సు ఉలిక్కిపడి ఆగింది. రిపేరు వాళ్ళు ఆ గదిలో పనిచేయడానికి కుదిరేది ఈ వేళలోనే అని ఆప్గార్ సర్దిచెప్పింది. అర అతుక్కుంది, వయొలా తయారైంది.